యూదుల ధర్మశాస్త్రం టీకాల గురించి ఏమంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

2019లో న్యూయార్క్‌లో తట్టు వ్యాపించినప్పుడు "యూదుల మతంలో టీకాలు నిషిద్ధమట కదా" అన్న మాట మా వాట్సాప్ గ్రూపులో కూడా తిరిగింది. అది నిజం కాదని చెప్పబోతే ఒక ప్రశ్న పది ప్రశ్నలైంది. వాటినే ఇక్కడ ఒకచోట పెట్టాను. నేను రబ్బీని (యూదుల మతపండితుణ్ణి) కాదు, డాక్టర్నీ కాదు. ఈ చరిత్ర మీద ఆసక్తితో చదువుకున్నవాణ్ణి, అంతే. మీ పిల్లల టీకాల గురించి సందేహముంటే మీ డాక్టర్నే అడగండి.

ముందు సూటిగా చెప్పండి. యూదు మతం టీకాలకు వ్యతిరేకమా?

కాదు. టీకా వేయించకపోతే తప్పన్న పండితులు రెండొందల ఏళ్ల కిందటే ఉన్నారు. టీకాలు వద్దనే యూదులు లేరా అంటే ఉన్నారు, కొన్ని పేటల్లో కాస్త ఎక్కువగానే ఉన్నారు. కానీ వాళ్లు ఎందుకు వద్దంటున్నారో తెలుసుకోవాలంటే ధర్మశాస్త్రంలో వెతికి లాభం లేదు. ఎక్కడ వెతకాలో కిందకొచ్చాక చెప్తాను.

ధర్మశాస్త్రం అంటే ఏ పుస్తకం? ఎవరి మాట చెల్లుతుంది?

దాన్ని హలాఖా అంటారు. నడవాల్సిన దారి అని అర్థం. మూలం తోరా, అంటే మోషే ఐదు గ్రంథాలు. మన ఊళ్లలో చర్చికి వెళ్లేవాళ్లు ఆదికాండం, నిర్గమకాండం అంటూ చదివేవి అవే. క్రీ.శ. 200 ప్రాంతంలో నియమాలన్నిటినీ కూర్చిన గ్రంథం మిష్నా. దాని మీద వందల ఏళ్లు సాగిన వాదోపవాదాలు తాల్ముద్. 12వ శతాబ్దంలో మైమోనిడీస్ ఈ మొత్తాన్ని క్రమంలో పెట్టి రాశాడు. ఆయన స్వయంగా వైద్యుడు, ఈజిప్టులో పాలకుల ఆస్థానంలో పనిచేశాడు. 16వ శతాబ్దంలో సఫేద్‌లో యోసెఫ్ కారో రాసిన షుల్ఖాన్ ఆరూఖ్ ఇప్పటికీ చేతిపుస్తకం లాంటిది. ఆ పేరుకు అర్థం సిద్ధం చేసి ఉంచిన బల్ల, మన మాటల్లో వడ్డించిన విస్తరి.

పోప్ లాంటి పెద్ద ఎవరూ లేరు. ఎవరికి వారు తాము నమ్మిన రబ్బీని అడుగుతారు. తీర్పు చెప్పగల పండితుణ్ణి పోసెక్ అంటారు. ఒక పోసెక్ మాటకు ఇంకో పోసెక్ శిష్యులు కట్టుబడి ఉండాలని లేదు. అందుకే "యూదు మతం ఇలా అంటుంది" అని ఎవరైనా ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు అనుమానమే. పైన నేను చెప్పిన "కాదు"ను కూడా అలాగే చూడండి.

ప్రాణం కోసం ఏ నియమాన్నైనా పక్కన పెట్టొచ్చంటారు. నిజమేనా?

దాదాపు నిజం. దీన్ని పికువాఖ్ నెఫెష్ అంటారు, అంటే ప్రాణం కాపాడడం. ఆజ్ఞల్ని పాటించేవాడు వాటివల్ల బతుకుతాడని లేవీయకాండం 18:5 చెబుతుంది. ఆజ్ఞలిచ్చింది బతకడానికే, చావడానికి కాదు అని తాల్ముద్ పండితులు దానికి అర్థం చెప్పారు. విగ్రహారాధన, హత్య, నిషిద్ధమైన లైంగిక సంబంధాలు, ఈ మూడింటిని మాత్రం ప్రాణం పోయినా చేయకూడదు. మిగతా నియమాలన్నీ ప్రాణం తర్వాతే.

ప్రమాదం ఖాయంగా ఉండాలని కూడా లేదు, అనుమానం చాలు. దీనికి మిష్నా ఇచ్చిన ఉదాహరణ చూడండి. షబ్బత్ నాడు, అంటే ఏ పనీ చేయకూడని శనివారం, ఒక గోడ కూలింది. శిథిలాల కింద మనిషి ఉన్నాడో లేడో తెలీదు. ఉంటే బతికున్నాడో లేదో తెలీదు. అయినా తవ్వాల్సిందే. రబ్బీని అడిగొస్తామంటూ ఆగకూడదు.

ఇది ప్రమాదం వచ్చాక సంగతి. రాకముందు జాగ్రత్త గురించి ద్వితీయోపదేశకాండంలో ఒక ఆజ్ఞ ఉంది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. కొత్త ఇల్లు కట్టుకుంటే డాబాకు పిట్టగోడ కట్టాలి. కట్టకపోతే, ఎవరైనా పడి చస్తే ఆ పాపం ఇంటివాడిది. వేసవిలో డాబా మీద మంచాలు వేసుకుని పడుకున్న మనకు ఈ ఆజ్ఞ గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. ఎవరు పడతారో తెలీదు. అసలు ఎవరూ పడకపోవచ్చు. అయినా ముందే కట్టాలి, మన ఇంటికొచ్చిన పక్కింటి పిల్లాడి కోసం కూడా. మైమోనిడీస్ దీన్ని పిట్టగోడ దగ్గర ఆపలేదు. మూత లేని బావి దగ్గర్నుంచి ప్రాణానికి ముప్పు తెచ్చే ప్రతిదానికీ ఇదే సూత్రం అన్నాడు. టీకాల గురించి రాసిన నేటి రబ్బీల్లో చాలామంది ఈ పిట్టగోడ దగ్గరే మొదలుపెడతారు.

సరే. కానీ టీకా వేసేది ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు. ఏ జబ్బూ లేనివాడికి కోరి ప్రమాదం తెచ్చిపెట్టొచ్చా?

అసలు చిక్కుముడి ఇదే. దీని మీద యూదు పండితులు గట్టిగా వాదించుకున్నది ఇప్పుడు కాదు, 18వ శతాబ్దంలో.

అప్పటికి ఇంగ్లండ్ వైద్యుడు జెన్నర్ కనిపెట్టిన మశూచి టీకా ఇంకా రాలేదు. మశూచి తేలిగ్గా వచ్చినవాళ్ల పొక్కుల్లోంచి రసి తీసి, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ చర్మం మీద గీతపెట్టి ఎక్కించేవారు. బిడ్డకు నిజంగానే మశూచి వచ్చేది, కాకపోతే ఎక్కువమందికి తేలిగ్గా పోయేది. కొందరు మాత్రం చచ్చిపోయేవారు. మామూలుగా మశూచి సోకితే పదిమందిలో ముగ్గురు పోయే రోజులవి. అయినా తండ్రి మనసు ఊరుకుంటుందా? జబ్బు వస్తే అది దేవుడు చేసిన పని. గీతపెట్టించి బిడ్డ పోతే అది తన చేత్తో తాను చేసిన పని.

అబ్రహాం నాన్సిష్ అనే లండన్ యూదు పండితుడు దీని మీద 1785లో హీబ్రూలో ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఆయన అప్పటికే ఇద్దరు పిల్లల్ని మశూచికి పోగొట్టుకున్నాడు. ఎక్కించుకోవడం అనుమతించదగ్గదేనని అందులో వాదించాడు. ఆ వాదన చదువుతుంటే అది పండితుడి వాదనలా ఎంత ఉంటుందో, పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రి మాటలా అంత ఉంటుంది. జబ్బు ఇంకా ఒంట్లోకి రాలేదు నిజమే. కానీ మశూచి లేని ఊరే లేనప్పుడు, పుట్టిన ప్రతి బిడ్డా దాని నోటి దగ్గర ఉన్నట్టే కదా? అలాంటప్పుడు అది రాబోయే ప్రమాదమని ఎలా అంటాం, వచ్చిన ప్రమాదమే.

తర్వాతి తరంలో ఇస్రాయెల్ లిప్‌షిట్జ్ అనే రబ్బీ ఈ లెక్కను తేటగా రాసిపెట్టాడు. ఆయన డాన్‌జిగ్ నగరంలో ఉండేవాడు, 1860లో చనిపోయాడు. ఎక్కించుకున్నవాళ్లలో వెయ్యిమందికి ఒకరు చనిపోయినా సరే అది అనుమతించదగ్గదే, ఎందుకంటే మామూలుగా మశూచి వస్తే ప్రమాదం అంతకన్నా చాలా దగ్గరగా ఉంటుంది, అన్నాడు. పెద్ద ప్రమాదం నుంచి తప్పించుకోడానికి చిన్న ప్రమాదాన్ని నెత్తికెత్తుకోవచ్చన్నమాట. ఇప్పటి టీకాల ప్రమాదం వెయ్యికి ఒకటికి చాలా చాలా దిగువన ఉంటుంది. ఆ రోజుల లెక్కతోనే అనుమతించిన శాస్త్రం ఇప్పుడు అడ్డుపడుతుందనడం ఎలా కుదురుతుంది?

ఈ లిప్‌షిట్జే ఇంకో పని చేశాడు. యూదులు కాని పుణ్యాత్ముల జాబితా ఒకటి రాస్తూ అందులో జెన్నర్ పేరు చేర్చాడు. అచ్చుయంత్రం తెచ్చిన గూటెన్‌బర్గ్, యూదు గ్రంథాల్ని తగలబెట్టనీయకుండా అడ్డుకున్న రాయిష్లిన్ కూడా అందులో ఉన్నారు. వీళ్ల పక్కనే యూరప్‌కు బంగాళాదుంప తెచ్చాడని డ్రేక్ పేరు కూడా! ఆకలి తీర్చినవాడూ ప్రాణం కాపాడినవాడే కదా.

హసిదీలు డాక్టర్లను నమ్మరంటారు. వాళ్ల గురువులు ఏమన్నారు?

హసిదీలంటే 18వ శతాబ్దంలో తూర్పు యూరప్‌లో పుట్టిన భక్తి ఉద్యమానికి చెందిన యూదులు. అందరినీ ఒకే గాటన కట్టలేం. కానీ డాక్టర్లంటే అస్సలు పడని గురువు ఒకాయన ఉన్నాడు, బ్రెస్లోవ్ రబ్బీ నఖ్‌మాన్. వైద్యుల్ని దగ్గరికి రానీయొద్దని శిష్యులకు గట్టిగా చెప్పేవాడు. 1810లో 38 ఏళ్ల వయసులో క్షయతో పోయాడు.

అలాంటి మనిషి మశూచి టీకా దగ్గర మాత్రం దానికి పూర్తి భిన్నంగా మాట్లాడాడు. బిడ్డకు మూడు నెలలు నిండేలోపు టీకా వేయించాలి, వేయించనివాడు రక్తం చిందించినవాడితో సమానం, ఊరికి దూరంగా ఉన్నా, గడ్డకట్టే చలిలో ప్రయాణం చేయాల్సొచ్చినా తీసుకెళ్లాలి అన్నాడని ఆయన శిష్యపరంపర నమోదు చేసింది. జెన్నర్ తన పరిశోధన అచ్చువేసింది 1798లో. ఆ తర్వాత పన్నెండేళ్లకే నఖ్‌మాన్ చనిపోయాడు. ఇంగ్లండ్‌లో పుట్టిన సంగతి ఉక్రెయిన్ పల్లెల్లో ఉన్న ఒక హసిదీ గురువు దాకా అంత త్వరగా వచ్చిందన్నమాట.

ఈ కథకు ఇంకో కొస ఉంది. నఖ్‌మాన్ సమాధి ఉక్రెయిన్‌లోని ఉమాన్ ఊళ్లో ఉంది. యూదుల కొత్త సంవత్సరానికి ఏటా వేలాది మంది అక్కడికి యాత్రగా వెళ్తారు. 2018లో ఉక్రెయిన్‌లో తట్టు విపరీతంగా ఉంది, ఆ ఒక్క ఏడే 50 వేలకు పైగా కేసులు వచ్చాయి. యాత్రికులతో అది ఇజ్రాయెల్‌కు, ఇజ్రాయెల్ వెళ్లొచ్చినవాళ్లతో న్యూయార్క్‌కు చేరింది. టీకా వేయించనివాడు రక్తం చిందించినవాడన్న గురువు సమాధి దగ్గరి నుంచే!

"దేవుడే కాపాడతాడు, సూదులెందుకు" అనేవాళ్లకు శాస్త్రంలో సమాధానం ఉందా?

ఉంది. నిర్గమకాండం 21:19లో, ఒకణ్ణి కొట్టి గాయపరిచినవాడు వైద్యం ఖర్చు పెట్టుకోవాలని ఉంది. వైద్యుడికి వైద్యం చేసే అనుమతి ఇక్కడే ఇచ్చారని తాల్ముద్ అంటుంది.

"అమాయకుల్ని దేవుడు కాపాడతాడు" అన్న కీర్తనల వాక్యాన్ని కూడా టీకా వద్దనేవాళ్లు వాడతారు. కానీ తాల్ముద్‌లో ఆ వాక్యం వచ్చిన చోటు వేరు. మబ్బు పట్టిన రోజున బిడ్డకు సున్తీ చేయడం ప్రమాదమని ఒకప్పుడు అనుకునేవారు. అందరూ చేస్తున్నారు, ఏమీ కావడం లేదు కాబట్టి ఇక ఆ భయం అక్కర్లేదు, దేవుడే చూసుకుంటాడు అని అక్కడి మాట. లోకమంతా మామూలుగా తీసుకునే చిన్న ప్రమాదానికి భయపడొద్దని దాని సారాంశం. ఆ లెక్కన చూస్తే అది టీకా వేయించుకునేవాడి వైపు మాట్లాడుతోందనే నేననుకుంటాను.

ఊళ్లోకి అంటువ్యాధి వస్తే పాతకాలంలో ఏం చేసేవారు?

ఇంట్లో తలుపేసుకుని కూర్చోమంది తాల్ముద్. తొలిరోజుల్లోనే ఊరు వదిలి వెళ్లిపొమ్మన్నాడు షుల్ఖాన్ ఆరూఖ్‌కు వివరణ రాసిన క్రాకోవ్ రబ్బీ మోషే ఇస్సెర్లెస్. ఊరికే రాయలేదు. 1556లో ప్లేగు వస్తే ఆయన స్వయంగా క్రాకోవ్ వదిలి వేరే ఊళ్లో తలదాచుకున్నాడు. ఆ ఏడు పూరిం పండగ విందు కుదరక, ఎస్తేరు గ్రంథానికి వ్యాఖ్యానం రాసి తండ్రికి కానుకగా పంపాడు.

1831లో కలరా వచ్చినప్పుడు పోజెన్ నగర రబ్బీ అకీవా ఏగర్ సినగాగులో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, ఒక్కసారికి పదిహేను మందికి మించి చేరొద్దన్నాడు. విడతలు విడతలుగా ప్రార్థన పెట్టించాడు. ప్రష్యా రాజు ఆయనకు కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం పంపాడు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు రబ్బీలు అందరికన్నా ఎక్కువగా తలుచుకున్నది ఈయన్నే.

ఏ మందు పడితే ఆ మందు వాడొచ్చా? నాటువైద్యం సంగతి?

మిష్నాలో ఒక చిత్రమైన కేసు ఉంది. పిచ్చికుక్క కరిస్తే ఆ కుక్క కాలేయం ముక్క తింటే నయమవుతుందని ఆ రోజుల్లో నమ్మకం. కుక్క మాంసం నిషిద్ధం. మరి ప్రాణం కోసం పెట్టొచ్చా? వద్దన్నారు ఎక్కువమంది పండితులు. పెట్టొచ్చన్నాడు మత్యా బెన్ హెరెష్ అనే ఒక్కాయన.

ప్రాణం అన్నిటికన్నా గొప్పదన్న పండితులే ఎందుకు వద్దన్నారు? వైద్యుడైన మైమోనిడీస్ దీనికి ఇచ్చిన వివరణ ఇది. ప్రాణం కోసం నియమం దాటొచ్చు, కానీ బుద్ధికో అనుభవానికో నిలబడిన మందు కోసమే దాటాలి, ఎవరో చెప్పిన తాయెత్తు మందు కోసం కాదు.

కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న మాట వింటూ పెరిగినవాళ్లం మనం. ఆ సూదుల భయానికి ఆకుపసరు మందుకు పరిగెత్తి ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్ల కథలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. ఇప్పుడు భుజానికి నాలుగైదు సూదులతో సరి. అది షబ్బత్ నాడు వేయాల్సొచ్చినా ఏ రబ్బీ అడ్డుచెప్పడు. రుజువైన మందు ఏదో ఎలా తేల్చాలంటే, ఎక్కువమంది వైద్యుల మాటే ప్రమాణం అని హలాఖా పండితులు సాధారణంగా చెప్పే జవాబు.

టీకాల్లో పంది జెలటిన్ ఉంటుంది కదా? అది కోషర్ ఎలా అవుతుంది?

కోషర్ అంటే మతనియమాల ప్రకారం తినదగ్గది. ఆ నియమాలు తిండికి. కండలోకి ఎక్కించే సూది తిండి కాదు. కొన్ని టీకాల్లో పంది నుంచి తీసిన జెలటిన్ ఉంటుందన్నది నిజమే, కానీ దాన్ని ఎవరూ నమిలి మింగడం లేదు. పంది గుండె కవాటం పెట్టించుకోడానికి కూడా రబ్బీలు అడ్డుచెప్పలేదు. ముక్కులో కొట్టేవి, నోట్లో వేసే చుక్కలు కూడా ఆహారంగా తీసుకునేవి కావు కాబట్టి వాటికీ అనుమతి దొరుకుతుంది.

పిండం కణాల నుంచి తయారైన టీకాల మాటేమిటి?

1960లలో గర్భస్రావం చేయించినప్పటి పిండాల నుంచి తీసి పెంచుతూ వచ్చిన కణాల్లో రుబెల్లా వంటి కొన్ని టీకాల వైరస్‌ను పెంచుతారు. కేథలిక్కుల్లో దీని మీద పెద్ద చర్చే నడిచింది. యూదుల్లో అంత నడవలేదు. పుట్టకముందు పిండానికి పూర్తి మనిషి హోదా హలాఖా ఇవ్వదు. పైగా ఇప్పుడు టీకా వేయించుకుంటే కొత్తగా ఏ పిండానికీ హాని జరగదు.

అయితే టీకా వేయించడం తప్పనిసరి ఆజ్ఞా, మంచి సలహా మాత్రమేనా?

ఇక్కడ పండితుల మధ్య నిజంగానే తేడా ఉంది. వేయించడం విధి అనేవారు కొందరు. గట్టిగా వేయించమంటాం కానీ, ఊళ్లో జబ్బు లేనప్పుడు బలవంతం చేసే అధికారం ఎంతవరకన్నది వేరే ప్రశ్న అనేవారు కొందరు. జెరూసలేంలో 2012లో చనిపోయిన యోసెఫ్ షాలోమ్ ఎల్యాషివ్ హరేదీ లోకంలో, అంటే ఆచారాల్ని అతి నిష్ఠగా పాటించే యూదుల్లో, అతిపెద్ద పోసెక్. లోకమంతా వేయించే టీకాలు వేయించకపోవడం నిర్లక్ష్యమని, క్లాసులో మిగతా పిల్లలూ వేయించుకోవాలని పట్టుబట్టే హక్కు తల్లిదండ్రులకు ఉందని ఆయన అభిప్రాయంగా చెబుతారు.

సంస్థల సంగతికొస్తే, అమెరికాలో సంప్రదాయ శాఖకు చెందిన ఆర్థొడాక్స్ యూనియన్, రబ్బినికల్ కౌన్సిల్ ఆఫ్ అమెరికా రెండూ కలిసి 2018 నవంబరులో టీకాలు వేయించండని ప్రకటన ఇచ్చాయి. కన్సర్వేటివ్ శాఖ 2005లోనే యూదు బడుల్లో టీకా తప్పనిసరి చేయొచ్చని తీర్పు రాసింది. రిఫార్మ్ శాఖ 1999 నుంచి అదే మాట మీద ఉంది. దేని మీదా ఒప్పుకోని మూడు శాఖలు ఒక్క మాట మీదికి రావడం అరుదు.

వ్యతిరేకంగా మాట్లాడిన పేరున్న రబ్బీలు కూడా అమెరికాలో ఉన్నారు, వాళ్ల మాట విన్నవాళ్లూ ఉన్నారు. కానీ వాళ్ల మాటల్లో శాస్త్రవాక్యాలకన్నా టీకా కంపెనీల మీద, ప్రభుత్వం మీద అపనమ్మకమే ఎక్కువ వినిపిస్తుంది.

మరి 2019లో న్యూయార్క్‌లో జరిగిందేమిటి?

2018 శరత్కాలం నుంచి 2019 వేసవి చివరిదాకా న్యూయార్క్ నగరంలో 649 మందికి తట్టు వచ్చింది. ఎక్కువమంది బ్రూక్లిన్‌లో విలియమ్స్‌బర్గ్, బరో పార్క్ పేటల హసిదీ కుటుంబాల వాళ్లు. పక్కనే రాక్‌ల్యాండ్ కౌంటీలో ఇంకో మూడు వందల పైచిలుకు. 2019 ఏప్రిల్ 9న విలియమ్స్‌బర్గ్‌లోని కొన్ని పిన్‌కోడ్‌ల పరిధిలో టీకా తప్పనిసరి చేస్తూ నగరం ఉత్తర్వు ఇచ్చింది. వేయించుకోకపోతే వెయ్యి డాలర్ల దాకా జరిమానా. జూన్ 13న రాష్ట్రం మతం కారణంగా బడి టీకాల నుంచి ఇచ్చే మినహాయింపునే ఎత్తేసింది.

ఈ గొడవలో జనం గమనించని సంగతి ఒకటుంది. ఆ పేటల్లో కూడా ఎక్కువ కుటుంబాలు పిల్లలకు టీకాలు వేయించినవే. తట్టు ఎంత వేగంగా అంటుకుంటుందంటే, నూటికి 95 మందికి టీకా పడితే గానీ ఆగదు. ఇరుకు ఇళ్లు, ఇంటికి ఆరేడుగురు పిల్లలు, పెళ్లిళ్లు, ప్రార్థనలు అన్నీ గుంపుగానే. అలాంటిచోట ఏ కొద్దిమంది వేయించకపోయినా చాలు. ఆ కొద్దిమంది వల్ల వీధిలో టోపీ పెట్టుకుని నడిచే ప్రతి యూదుణ్ణీ జనం దూరంగా జరిగి చూశారు. ఒకణ్ణి చూసి ఊరంతా అలాంటిదే అనుకోవడం మనకూ కొత్త కాదు.

ఇజ్రాయెల్‌లో అదే సీజన్లో 4 వేల మందికి పైగా తట్టు వచ్చింది. జెరూసలేంలో పద్దెనిమిది నెలల పాప చనిపోయింది. 2022లో రాక్‌ల్యాండ్ కౌంటీలోనే టీకా పడని ఒక యువకుడికి పోలియో వచ్చి కాళ్లు పడిపోయాయి. 2025లో జెరూసలేం చుట్టుపక్కల మళ్లీ తట్టు, మళ్లీ పసిపిల్లల చావులు.

మతం వద్దనకపోతే వాళ్లెందుకు వేయించరు?

కొందరికి భయం. బ్రూక్లిన్‌లో ఇంటింటికీ చేరిన రంగుల పత్రికల్లో, ఫోన్ హాట్‌లైన్లలో టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న మాట బాగా తిరిగింది. ఆ మాటకు మూలమైన 1998 నాటి పరిశోధనను దాన్ని అచ్చువేసిన వైద్య పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. కానీ టీవీ, ఇంటర్నెట్ లేని ఇళ్లలోకి ఆ ఖండన వెళ్లలేదు. హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల ఊచకోత) తర్వాత ప్రభుత్వం ఏం చెప్పినా ఒక అడుగు వెనక నిలబడి వినే అలవాటు కూడా ఆ కుటుంబాల్లో ఉంది. దాన్ని తీసిపారేయలేం.

చాలామందికి మాత్రం భయమూ లేదు, సిద్ధాంతమూ లేదు, తీరిక లేదంతే. ఇజ్రాయెల్‌లో పిల్లల టీకా కేంద్రాన్ని టిపత్ హలవ్ అంటారు, పాలచుక్క అని అర్థం. ఏడుగురు పిల్లల తల్లికి ఒక్కొక్కరికి వేరే వేరే తేదీలు. చిన్నదానికి రెండో డోసు, పైవాడికి బూస్టరు, ఆ మధ్యలో ఇంకొకరికి జ్వరం. నర్సు ఇచ్చిన అపాయింట్‌మెంట్ స్లిప్పు ఫ్రిజ్ మీద అతికించి ఉంటుంది, తేదీ దాటిపోయి ఉంటుంది. లండన్‌లో స్టామ్‌ఫోర్డ్ హిల్ హరేదీల మధ్య పనిచేసిన పరిశోధకులూ ఇదే చెప్పారు. సాయంత్రాలు, ఆదివారాలు క్లినిక్ తెరిస్తే వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారని. ఇలాంటిచోట ఉపన్యాసాలకన్నా క్లినిక్ టైమింగులే ఎక్కువ పనిచేస్తాయి.

ఇజ్రాయెల్‌లో పిల్లల టీకాలు చట్టప్రకారం తప్పనిసరి కాదు. ఈ సంగతి విని చాలామంది ఆశ్చర్యపోతారు.

కోవిడ్ టీకా అప్పుడు?

ఇజ్రాయెల్ 2020 డిసెంబరులో మొదలుపెట్టి లోకంలోనే ముందు వరసలో నిలిచింది. 90 ఏళ్లు దాటిన హరేదీ పెద్ద ఖాయిమ్ కనియెవ్‌స్కీ వేయించుకోమన్నారు. అయినా కుర్రాళ్లు కదల్లేదు. 2021 ఫిబ్రవరిలో బ్నేయ్ బ్రాక్ నగరంలో టీకా వేయించుకున్నవాళ్లకు ప్లేటు చోలెంట్ పెట్టారు. బీన్స్, బంగాళాదుంప, బార్లీ, మాంసం కలిపి రాత్రంతా సన్నసెగ మీద ఉడికించే కూర అది. షబ్బత్ నాడు పొయ్యి వెలిగించకూడదు కాబట్టి శుక్రవారం పొద్దుగూకేలోపే పెట్టేస్తారు. గురువారం రాత్రి వేడివేడి చోలెంట్ కోసం యెషీవా (మత పాఠశాల) కుర్రాళ్లు రోడ్డెక్కడం అక్కడ మామూలే. టీకా బల్లను ఆ వాసన దగ్గరికే తీసుకెళ్లారు. అదే నెలలో టెల్ అవీవ్‌లో ఒక బార్‌లో టీకా వేయించుకున్నవాళ్లకు డ్రింక్ ఫ్రీ ఇచ్చారు. ఏ ఊరి బలహీనత ఆ ఊరిది.

షబ్బత్ నాడు, ఉపవాసం నాడు టీకా వేయించుకోవచ్చా?

మామూలు టీకాకు ఆదివారం వెళ్తే సరిపోతుంది కాబట్టి షబ్బత్ నాడు పెట్టుకోరు. ఆలస్యమైతే ప్రాణం మీదికొచ్చేదైతే ఆ రోజే. యోమ్ కిప్పూర్ (యూదుల ప్రాయశ్చిత్త దినం) ఉపవాసం తినడం, తాగడం గురించి. సూదితో ఉపవాసం చెడదు.

దీనికీ మన దేశానికీ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, గట్టిదే. కలరా టీకా, ప్లేగు టీకా రెండూ మనకు తెచ్చింది ఒడెస్సాలో పుట్టిన యూదుడు వాల్డెమార్ హాఫ్‌కిన్. పారిస్‌లో పాశ్చర్ సంస్థలో పనిచేస్తూ 1892లో కలరా టీకా చేశాడు, 1893లో కలకత్తా వచ్చాడు. 1896లో బొంబాయిలో ప్లేగు మొదలైతే అక్కడికి పిలిపించారు. గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఓ మూల గదిలో టీకా తయారుచేసి, 1897 జనవరి 10న ముందు తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. తర్వాత బైకుల్లా జైలు ఖైదీల్లో ముందుకొచ్చినవాళ్లకు వేశారు. జనం జంకుతుంటే ఇస్మాయిలీ ముస్లింల మతపెద్ద ఆగా ఖాన్ నలుగురి ముందూ వేయించుకుని ధైర్యం చెప్పాడు.

1902లో పంజాబ్‌లోని ముల్కోవాల్ గ్రామంలో ఒక్క సీసా నుంచి టీకా వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. నింద హాఫ్‌కిన్ మీద పడింది, ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు. తప్పు ల్యాబ్‌లో కాదు, ఊళ్లో సీసా తెరిచినప్పుడు జరిగిందని తేలడానికి ఐదేళ్లు పట్టింది. ఫ్రాన్స్‌లో డ్రైఫస్ అనే యూదు సైనికాధికారి మీద పడ్డ తప్పుడు కేసుతో దీన్ని అప్పట్లోనే పోల్చారు. బొంబాయి ల్యాబ్‌కు 1925లో ఆయన పేరే పెట్టారు.

వయసు పైబడ్డాక ఈ శాస్త్రవేత్త నిష్ఠగల యూదుడయ్యాడు. సంప్రదాయ మతాచారాన్ని సమర్థిస్తూ 1916లో వ్యాసం రాశాడు, ఆస్తి తూర్పు యూరప్ యెషీవాలకు రాసిచ్చాడు. టీకాకూ తోరాకూ పడదనేవాళ్లు ఈయన్ని ఎక్కడ పెడతారో మరి.

పోలియో సూది చేసిన జోనస్ సాల్క్, చుక్కలు చేసిన ఆల్బర్ట్ సేబిన్ ఇద్దరూ యూదు కుటుంబాల్లో పుట్టినవాళ్లే. ఆదివారం పూట బడి దగ్గర వరసలో నిలబడి, చుక్కలు వేయించుకుని, వేలి గోటి మీద నల్లగుర్తు చూసుకుంటూ ఇంటికొచ్చిన మన పిల్లల నోట్లో పడినవి సేబిన్ చుక్కలే.

తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారా అని కూడా కొందరు అడుగుతారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను బెనే ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే చిన్న సమాజం ఉంది, వాళ్లకో సినగాగు కూడా ఉంది.

సూది వేయించుకునేముందు చదివే ప్రార్థన ఏదైనా ఉందా?

టీకా కోసమే అంటూ పాత ప్రార్థన లేదు. కానీ ఒంట్లోంచి రక్తం తీయించుకునే వైద్యానికి వెళ్లేవాడు చదువుకోవాల్సిన మాటలు షుల్ఖాన్ ఆరూఖ్‌లో ఉన్నాయి. ఈ పని నాకు స్వస్థత తెచ్చేదిగా ఉండాలని నీ చిత్తం కావాలి, నువ్వు ఉచితంగా నయంచేసే వైద్యుడివి, అని వాటి అర్థం. ఇప్పటికీ ఆపరేషన్‌కు వెళ్లేముందు, సూదికి చెయ్యి చాపేముందు చాలామంది దాన్నే గొణుక్కుంటారు. నర్సు స్పిరిట్ దూది రాసేలోపు అయిపోతుంది, అంత చిన్నది.